థాంక్సుల బుచ్చమ్మ

కొందరు గోళ్లు కొరుకుతారు. కొందరు నిద్రలో లెక్కలు చెప్తారు. మా మిర్యాలగూడ స్టేషన్ రోడ్డు బుచ్చమ్మకు మాత్రం థాంక్స్ చెప్పే జబ్బు ఉండేది. అలవాటు అంటే సరిపోదు, జబ్బే. బస్సు దిగాక కండక్టరుకు థాంక్స్ చెప్పేది. అంతటితో ఊరుకోక, బస్సు రేకు మీద చేత్తో తట్టి "థాంక్సే తల్లీ, సల్లగ తెచ్చినవ్" అనేది. దారికడ్డంగా పడుకున్న మేక లేచి జరిగితే మేకకు థాంక్స్. మొరగని కుక్కకు థాంక్స్. మొరిగిన కుక్కకు, కరవనందుకు థాంక్స్. ఒకసారి స్టేషన్ దగ్గర ఒక పోలీసు జవాను "ఏయ్ ముసల్దానా, పక్కకు జరుగు" అని గద్దించాడు. "లారీ కింద పడకముందే చెప్పినవ్, థాంక్స్ బిడ్డా" అంది బుచ్చమ్మ. పాపం ఆ జవాను పరేషానైపోయి, ఆ పూట ఇంకెవ్వరినీ తిట్టలేకపోయాడు.

ఇందులో వింతేముందని ఇప్పటివాళ్లకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పేవాళ్లు కాదు. మంచినీళ్లిస్తే తాగి మూతి తుడుచుకునేవాళ్లు. మరీ పెద్ద సాయం చేస్తే పెద్దవాళ్లు "సల్లగుండు బిడ్డా" అనేవాళ్లు. పాతకాలపు ఉద్యోగులు "షుక్రియా" అంటూ చెయ్యి నుదుటి దాకా ఎత్తేవాళ్లుగాని, అది కచేరీ మర్యాద. ఇంట్లో చెల్లేది కాదు. అన్నం పెట్టిన పెళ్లానికి మొగుడు థాంక్స్ చెప్పాడంటే గాలి సోకిందని వేపమండలు వెతికేవాళ్లు.

మాది స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు. నా పుట్టిల్లు కోదాడ. పెళ్లయి వచ్చాక మా ఆయన రాజమౌళితో పాటు నేనూ కొట్లో కూర్చునేదాన్ని. మా వెనక పీట మీద మా అత్తమ్మ భాగ్యవతి కూర్చునేది. ఆమె మడి గురించి చెప్పాలంటే వేరే పుస్తకం రాయాలి. గాలి మా కొట్లోంచి రోడ్డు మీదికి పోవాలే తప్ప, రోడ్డు మీది గాలి కొట్లోకి రాకూడదని ఆమె పట్టుదల.

బుచ్చమ్మ మొదటిసారి మా కొట్టుకు వచ్చి కందిపప్పు కొన్నది. పొట్లం కొంగులో వేసుకుని, "థాంక్స్ సావుకారీ" అంది.

మా ఆయన చేతిలో తక్కెడ ఆగిపోయింది. "ఏందే? తూకం ఎక్కువ పడ్డదా?"

"లేదయ్యా. సక్కగ పడ్డది. గందుకే థాంక్స్."

మా ఆయనకు నమ్మకం కుదరలేదు. పొట్లం విప్పించి మళ్లీ తూచాడు. సరిగ్గానే ఉంది. మళ్లీ కట్టి ఇచ్చాడు.

"రెండుసార్లు తూచి పరేషానైనవ్. ఇంకో థాంక్స్."

ఆమె వెళ్లిపోయాక వెనక నుంచి అత్తమ్మ అడిగింది: "ఆ మాటేందిరా? ఇంగిలీసుల తిట్టా?"

బుచ్చమ్మ అంతకుముందు సూర్యాపేటలో ఒక అమెరికా డాక్టరమ్మ బంగళాలో వంట చేసేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తర్వాత నాలుగైదేళ్లకు ఆ దొరసాని తన దేశం వెళ్లిపోయింది. బంగళాకు తాళం పడింది. బుచ్చమ్మ మిర్యాలగూడ వచ్చి, మిల్లుల వెనక ఒక గదిలో కిరాయికి దిగి, మిల్లు గేటు దగ్గర ఉడికించిన కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, అమ్ముకునేది. హమాలీలు ఆమె దగ్గరే కొనేవాళ్లు. కందగడ్డ తిని, పైన థాంక్స్ కూడా పుచ్చుకుని, ఏదో బిరుదు దొరికినట్టు నవ్వుకుంటూ బస్తాలెత్తేవాళ్లు. థాంక్సుల బుచ్చమ్మ అని పేరు పెట్టింది వాళ్లే.

ఏటా నవంబరు నెలలో నాలుగో బేస్తవారం ఆమె ఒక పండుగ చేసేది. మా క్యాలెండర్లో లేని పండుగ, ఊళ్లో క్రైస్తవులు కూడా అంతగా పట్టించుకోని పండుగ. దొరసాని దేశపు పండుగట. పేరు థాంక్సుగివ్వింగు. ఇక బుచ్చమ్మను పట్టేదెవరు? ఆమె జబ్బుకు ఏకంగా ఒక పండుగే ఉందన్నమాట.

ఆ పండుగ సరుకులన్నీ మా కొట్లోనే కొనేది. గుమ్మడికాయ, బెల్లం, దాల్చినచెక్క, జాజికాయ.

"గుమ్మడికాయ దప్పళంల దాల్చినచెక్క ఎందుకే?" అని అడిగింది అత్తమ్మ.

"దప్పళం కాదు పెద్ద సావుకారమ్మా. గుమ్మడికాయ పై."

"గుమ్మడికాయ పైన ఏంది?"

"పైనేం లేదు. అదే పై."

"పైన ఏం లేకుంటే పై ఎట్లయితది? కిందన్న ఏమన్న ఉంటదా?"

"కింద నిప్పులుంటయి. మూత పైన గూడ నిప్పులుంటయి. నడుమ ఉండేది పై."

అత్తమ్మ తల పట్టుకుంది. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరు 'పైన' అన్నా ఆమె ఉలిక్కిపడేది.

దొరసాని బంగళాలో ఆ రోజు టర్కీ అనే పెద్ద పక్షిని కాల్చేవాళ్లట. అది మిర్యాలగూడలో ఎక్కడ దొరుకుతుంది? బుచ్చమ్మ ఒక నాటుకోడిని పెంచి, దానికి టర్కీ అని పేరు పెట్టేది. ఏడాదంతా "టర్కీ, ఇటు రావే" అని పిలిచి, ముద్దుచేసి, చివరికి కోసే ముందు దానికీ థాంక్స్ చెప్పేది. ఒక ఏడు థాంక్స్ చెప్తూ చెప్తూ ఏడ్చేసి, కోడిని వదిలేసిందట. ఆ ఏడు పండుగ కందగడ్డలతో, ఉసిరికాయ తొక్కుతో గడిచింది.

పండుగ నాడు ఆమె వాకిట్లో కొందరు కూర్చుని తినేవాళ్లు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ప్రతి ఒక్కరూ ఏదో ఒకదానికి థాంక్స్ చెప్పాలి. చెప్పందే ఆమె వడ్డించేది కాదు. ఎవరిని పిలుస్తుందో, ఎందుకు పిలుస్తుందో మాత్రం ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒక ఏడు దర్జీ వెంకటేశం భార్య. ఒక ఏడు రైల్వేలో పనిచేసే ముసలాయన. ఇంకో ఏడు దామరచర్ల నుంచి ఎవరో దంపతులు. పక్కింటివాళ్లను పిలవదు. రోజూ కందగడ్డలు కొనే హమాలీలను పిలవదు. పోయినేడు పిలిచినవాళ్లను ఈ ఏడు పిలవదు. దాల్చినచెక్క వాసన మాత్రం కులమతాలు చూడకుండా స్టేషన్ దాకా వచ్చేది.

మా ఆయన ఉండబట్టలేక అడిగాడు: "బుచ్చమ్మా, మా కొట్టు సరుకుతోనే కదా నీ పండుగంత?"

"అవు సావుకారీ, థాంక్స్." అంతే. వెళ్లిపోయింది.

అత్తమ్మకు కోపమొచ్చింది. "పిలిస్తే మనం పోతమా ఏంది! పోము. పోమని దానికీ తెల్సు. గట్లనని అసలు పిలువనే పిలువకపోవుడేంది?"

ఇదంతా నేను నవ్వుకుంటూ చెప్పగలిగిన భాగం. మిగిలింది కూడా చెప్తాను.

సాగర్ కాలువ నీళ్లు మా వైపు పొలాలకు వచ్చిన కొత్తలో, ఒక వానాకాలం, మా అమ్మాయి సీత జ్వరంతో పోయింది. బడికి పోయి వచ్చిన పిల్ల ఒళ్లు వెచ్చగా ఉందని పడుకుంది. డాక్టరును పిలిచాం, దవాఖానకు తీసుకెళ్లాం, మొక్కుకున్నాం. అందరూ చేయగలిగింది చేశారు. వారం తిరగకముందే మంచం ఖాళీ అయింది. మాకు ఒక్కతే.

ఆ ఏడు పంట విరగపండింది. మిల్లులకు తీరిక లేదు, లారీలకు తీరిక లేదు. ఊరంతా కొత్త వడ్ల వాసన. మా ఇంట్లో మాత్రం ఎవరూ గట్టిగా తలుపు కూడా వేసేవాళ్లు కాదు. సీత పలకను, గౌన్లను అత్తమ్మ ఎక్కడ దాచిందో నాకు తెలియదు, నేను అడగలేదు. మా ఆయన తక్కెడ ముల్లు వైపే చూస్తూ కూర్చునేవాడు. మా అమ్మ నన్ను కోదాడ తీసుకెళ్లి కొన్నాళ్లుంచుకుంది. అక్కడా అంతే. "మర్చిపోవాలమ్మా, మళ్లీ మళ్లీ తల్చుకోకూడదు" అనేవాళ్లు. నన్ను చూస్తే అందరూ వర్షాల గురించి మాట్లాడేవాళ్లు. ఎదురుగా ఎవరి పిల్లయినా "సీతా" అని తన స్నేహితురాలిని పిలిస్తే, పక్కనున్న పెద్దవాళ్లు దాని నోరు మూసేవాళ్లు. నా బిడ్డ రెండుసార్లు పోయినట్టు అనిపించింది. ఒకసారి జ్వరానికి, ఇంకోసారి జనం నోళ్లలోంచి.

తిరిగి మిర్యాలగూడ వచ్చాక కొట్లో కూర్చున్నాను. ఒకనాడు బుచ్చమ్మ వచ్చింది. ఉప్పు అడిగింది. ఇచ్చాను. నా మొఖం వైపు చాలాసేపు చూసింది. ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయింది. ఆమె థాంక్స్ చెప్పకుండా మా గడప దిగడం అదే మొదలు. ఎందుకో తెలియదు, ఆ చెప్పకపోవడం నాకు కొంచెం ఊరటనిచ్చింది.

నవంబరు వచ్చింది. బుచ్చమ్మ గుమ్మడికాయ కొన్నది, బెల్లం కొన్నది. మూట కట్టుకుని, కొట్టు మెట్టు కింద నిలబడి అంది:

"సావుకారమ్మా, బేస్తారం మధ్యాన్నం మా ఇంటికి బువ్వకు రావాలె."

వెనక పీట మీద బాంబు పడ్డట్టయింది. "ఏందే నీ ధైర్యం!" అని లేచింది అత్తమ్మ. "మా ఇంటికొచ్చి మమ్ములనే బువ్వకు పిలుస్తవా?"

"కొత్త కుండల వండుత పెద్ద సావుకారమ్మా. వేరే పొయ్యి పెడ్త. కోడిని ముట్టిన చేత్తోని మీది ముట్ట. పైల గుడ్డు గూడ ఎయ్య. మోదుగాకుల ఇస్తార్లు, అన్నీ కొత్తయే."

నాకు ఒక్కసారిగా మంట పుట్టింది. ఎన్నో నెలల నుంచి లోపల ఉన్నదంతా ఆమె మీదికి వచ్చింది.

"నీది థాంక్స్ చెప్పే పండుగ కదా బుచ్చమ్మా? నేను దేనికి చెప్పాలె? నా బిడ్డను తీస్కపోయినందుకా?"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. బుచ్చమ్మ మొఖం ఏమీ మారలేదు.

"దేనికి చెప్పాల్నో నాకు గూడ తెల్వదు తల్లీ," అంది. "తెల్వకుంటే తెల్వకపాయె. రా."

ఆమె వెళ్లిపోయింది. మా ఆయన తక్కెడ ముల్లు మీంచి కళ్లెత్తకుండానే, "పోయిరా" అన్నాడు. అత్తమ్మ కొడుకు వైపు, నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నేను గూడ వస్త," అంది. "అది నీకు ఏం తినిపిస్తదో ఏమో. కాపలా ఉండాలె."

బేస్తవారం మధ్యాహ్నం మేమిద్దరం మిల్లుల వెనకకు వెళ్లాం. అత్తమ్మ ఇంటి నుంచి తన చెంబు, తన నీళ్లు, తన పీట తెచ్చుకుంది. వాకిలి బయటే, గోడకు కాస్త ఎడంగా పీట వేసుకుని, చెంబు పక్కన పెట్టుకుని, సరిహద్దు కాసే సిపాయిలా కూర్చుంది. నేను లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాను.

అప్పటికే ఇద్దరున్నారు. ఒకరు తండా నుంచి వచ్చిన గేమ్యా, వ్యవసాయం చేసుకునేవాడు. ఎండాకాలంలో అతని భార్య జమున పోయింది. ఇంకొకరు మిల్లు హమాలీ ఐలన్న. అంతకుముందు నెలే వాళ్లమ్మ పోయింది. వాళ్లిద్దరినీ, నన్నూ చూసుకున్నాక నాకు మెల్లగా వెలిగింది. దర్జీ భార్య వచ్చిన ఏడు దర్జీ పోయాడు. రైల్వే ముసలాయన వచ్చిన ఏడు ఆయన కొడుకు పోయాడు. దామరచర్ల దంపతులకేం జరిగిందో అడగనక్కరలేదు. బుచ్చమ్మ పిలిచింది ఎవరినంటే, ఆ ఏడు ఇంట్లో ఒక మనిషి తగ్గినవాళ్లను.

బుచ్చమ్మ మా మధ్య కూర్చుని పండుగ కథ చెప్పింది. ఏటా చెప్పేదట.

"వెనకట కొందరు పడవెక్కి, సముద్రం దాటి, ఎరగని దేశంల దిగిండ్రట. చలికాలం. తిననీకె లేదు, తల దాచుకోనీకె లేదు. తొలి చలికాలమే సగం మంది సచ్చిపోయిండ్రట. మిగిలినోళ్లకు ఆ దేశపోళ్లు మక్కజొన్నలు ఎట్ల ఏసుకోవాల్నో సూపించిండ్రట. మల్లేడు పంట ఇంటికొచ్చింది. అప్పుడు అందరు కల్సి కూసోని తిన్నరు. గదే పండుగ."

గేమ్యా శ్రద్ధగా విని ఒక ప్రశ్న వేశాడు: "మరి మక్కలు ఏసుడు సూపించిన ఆ దేశపోళ్లను, తర్వాత బాగ సూస్కున్నరా?"

"గది దొరసాని చెప్పలే," అంది బుచ్చమ్మ.

"చెప్పదు," అన్నాడు గేమ్యా, తల ఊపుతూ.

సగం మంది పోయిన ఇళ్లలో వండుకున్న పండుగ. ఆ మాట నాకు గుచ్చుకుంది. వాళ్లు తింటున్నప్పుడు పక్కన ఎన్ని ఖాళీ జాగాలుండి ఉంటాయి!

వడ్డించే ముందు థాంక్స్ మొదలైంది. ఐలన్న గొంతు సవరించుకున్నాడు. "మా అవ్వ ఆఖరికి ఎవల్నీ గుర్తుపట్టలే. నన్ను పట్టింది. 'తాగుబోతు ఎదవ, వచ్చినవా' అన్నది. గట్ల తిట్టుకుంటనన్న గుర్తుపట్టినందుకు థాంక్స్."

గేమ్యా తన చేతులవైపు చూసుకున్నాడు. "మా జమున కూర మస్తు కారం. తిన్నంతసేపు కండ్లల్ల నీళ్లు. తిట్టేటోన్ని నేను. ఇప్పుడు నేనే వండుకుంటున్న. సప్పగ ఉంటది. ఎంత మిరపపొడి ఏసినా గా కారం రాదు. గా కారానికి థాంక్స్."

నా వంతు వచ్చింది. నోరు తెరిచాను. మాట రాలేదు. అన్నం ఆవిరి చల్లారుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు. లేచి వెళ్లిపోదామనుకున్నాను.

"సావుకారమ్మ వంతు నేను చెప్త," అంది బుచ్చమ్మ. "సీతమ్మ గురించి."

ఎన్ని నెలలకు ఆ పేరు విన్నానో! గట్టిగా, మామూలుగా, బతికున్న మనిషిని పిలిచినట్టు అంది.

"బడికెల్లి వచ్చేటప్పుడు దినాం నా వాకిట్ల ఆగేది. కోడికి లెక్కలు చెప్పేది. 'టర్కీ, రెండు రెండ్లు ఎంతనే?' అని అడిగి, కోడి కొక్కొక్కొ అంటే, 'తప్పు, నిలబడు' అని మూలకు నిలబెట్టేది. ఒకసారి నాకు చలిజరం వచ్చి లేవలే. ఎవలికీ తెల్వదు. సీతమ్మ వచ్చి సూసి ఉరికింది. మల్ల వచ్చింది. గుప్పిట్ల సొంఠి. మీ కొట్లకెల్లే తెచ్చింది, మీకు చెప్పకుంట. 'మా నాయినమ్మకు చెప్పకు బుచ్చమ్మా, మడి పోతది' అన్నది. నా పక్కన కూసోని నుదురు మీద చెయ్యేసి సూసింది, డాక్టరమ్మ సూసినట్టు. పోయేటప్పుడు నేను థాంక్స్ అన్న. గా పిల్ల నడుం మీద చేతులు పెట్టుకోని ఏమన్నదో ఎరికేనా? 'ఉత్త థాంక్స్ ఎందుకు, రేపు లే' అన్నది. తెల్లారి లేచిన. సీతమ్మా, థాంక్స్."

నాకు తెలియదు. ఇదేదీ నాకు తెలియదు. నా బిడ్డ గురించి నాకు తెలియని కొత్త విషయం ఈ లోకంలో ఇంకా మిగిలి ఉందని నేననుకోలేదు.

వాకిలి బయట నుంచి ఒక గొంతు వినిపించింది. గొంతు అత్తమ్మదే గాని, నేనెప్పుడూ అలా వినలేదు.

"నా మడిచీర మీద బురద చెయ్యి పెట్టింది. కొట్టిన. ఏడ్చింది. ఆ చెయ్యి మచ్చ గట్లనే ఉన్నది. ఉతకలే నేను. పెట్టెల పెట్టుకున్న." ఆ ఇంగ్లీషు మాటను నోట్లో తిప్పుకుని, తిప్పుకుని, చివరకు అంది: "తేంక్సు బిడ్డా."

అప్పుడు ఏడ్చాను. ఆ వానాకాలం నుంచి ఏడవనిదంతా, పెద్దగా, చాప మీద పడి ఏడ్చాను. అత్తమ్మ సరిహద్దు వదిలేసి లోపలికి వచ్చింది. పీట లేదు, చెంబు లేదు, మడి లేదు. నా పక్కన ఆ చాప మీదే కూర్చుని నా వీపు నిమిరింది. గేమ్యా, ఐలన్న ముఖాలు అటు తిప్పుకున్నారు. బుచ్చమ్మ మాత్రం నన్ను "ఊరుకో" అనలేదు. అయ్యేదాకా ఆగి, విస్తరి నా ముందుకు జరిపింది.

"తిను తల్లీ. పై సల్లారిందంటే ఇగ రుచుండదు."

తిన్నాను. గోధుమపిండి పొర లోపల మెత్తటి గుమ్మడికాయ, బెల్లం, దాల్చినచెక్క. ఎన్నో నెలల తర్వాత నాలుకకు తీపి తెలిసింది. అత్తమ్మ నా విస్తరిలోంచే ఒక ముక్క తుంచి, ఎటో చూస్తూ నోట్లో వేసుకుంది. మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం. నమిలింది. మింగింది.

"జర యాలకులు పడాలె," అంది.

గిన్నెలు కడిగేటప్పుడు బుచ్చమ్మతో నేనొక్కదాన్నే ఉన్నాను. "నీకెవరు పోయిండ్రు బుచ్చమ్మా?" అని అడిగాను. అన్నేళ్లలో మేమెవరం ఆ మాట అడగలేదు.

"నా పెనిమిటి, నా కొడుకు. మా ఊళ్లె గత్తర, గదే కలరా, వచ్చినప్పుడు. నన్ను బండ్లె ఏసి సూర్యాపేట దవాఖానకు తెచ్చిండ్రు. నేనొక్కదాన్నే బతికిన. దొరసాని బంగళాల వంటకు పెట్టుకున్నది. గా ఏడే ఆమె తమ్ముడు లడాయిల పోయిండట. ఈ పండుగ దినం అంత పెద్ద టేబులు మీద ఆమె ఒక్కతే. నన్ను వంటింట్లకెల్లి పిలిచి, పక్కన కుర్చీల కూసోబెట్టింది. నాకు ఇంగిలీసు రాదు. ఆమెకు అప్పటికి మన మాట సరిగ రాదు. ఆమె ఏందో చెప్పి ఏడ్చింది. నేను ఏందో చెప్పి ఏడ్చిన. ఆమె మాటలల్ల నాకు ఒక్కటే ఎరికైంది, థాంక్స్. గదే పట్టుకున్న."

"మరి మేకకు, బస్సుకు, పోలీసోనికి కూడా ఎందుకు చెప్తావు?"

"నా పెనిమిటికి ఒక్కనాడు గూడ ఒక్క మంచిమాట చెప్పలే సావుకారమ్మా. మనోడే గద, ఎటు పోతడు అనుకున్న." గిన్నె బోర్లించింది. "ఎవలు మల్ల కనబడ్తరో, ఎవలు కనబడరో. ఎదురుంగ ఉన్నప్పుడే చెప్తే నయం గద."

మరుసటి ఏడు నవంబరులో బుచ్చమ్మ గుమ్మడికాయ కొనుక్కుని వెళ్లిపోబోయింది, నన్ను పిలవలేదు. "నన్ను మర్చిపోయినవా?" అన్నాను. "ఈ ఏడు నిన్ను పిలువలేదని సంతోషపడు తల్లీ" అంది. ఆ తర్వాత నుంచి స్టేషన్ రోడ్డు మొత్తానికి సంగతి తెలిసిపోయింది. నవంబరులో బుచ్చమ్మ తమ ఇంటిముందు నుంచి ఆగకుండా వెళ్లిపోతే చాలు, జనం దండం పెట్టుకునేవాళ్లు.

ఇలా ఉండగా, కొన్నేళ్లకు ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడు మా చుట్టుపక్కల ఎవరూ పోలేదు. ఒక్కరు కూడా. కోడి బలిసింది, గుమ్మడికాయ పండింది, పిలవడానికి మనిషి లేడు. బుచ్చమ్మ దిగులుగా వీధి వీధి తిరిగి వాకబు చేసింది.

"మీ ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా?"

"ఉన్నరు బుచ్చమ్మా."

"మీ తాత?"

"ఉన్నడు! పో ఇక్కడికెల్లి!"

మా కొట్టు దగ్గర ఆగి అత్తమ్మ వైపు ఒకసారి చూసింది. అప్పటికి అత్తమ్మ బాగా ముసలిదైపోయింది. "నన్ను సూడకే," అని కర్ర ఆడించింది అత్తమ్మ. "నాకింక టైమున్నది."

చివరికి తండా నుంచి గేమ్యా వచ్చాడు. మెట్టు కింద నిలబడి తల గోక్కున్నాడు. "బుచ్చమ్మా, మా ఎద్దు సచ్చింది. లెక్కకొస్తదా?"

బుచ్చమ్మ చాలా గంభీరంగా ఆలోచించింది. "పేరున్నదా దానికి?"

"ఉన్నది. బాద్షా."

"రా."

ఎద్దు లెక్కకొచ్చిందన్న మాట ఊళ్లో పాకింది. బేస్తవారం నాటికి ఆ వాకిట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఐలన్న తన సైకిలు పోయిందన్నాడు. ఒకావిడ పిల్లి తప్పిపోయిందంది. దర్జీ భార్య ఊరికే వచ్చానంది. మా ఆయన కొట్టు మూసి మరీ వచ్చాడు. అత్తమ్మ ఎవరూ పిలవకుండానే అందరికంటే ముందు వచ్చి, చాప మీద మంచి జాగా చూసుకుని కూర్చుంది.

థాంక్స్ మొదలుపెట్టింది గేమ్యా. బాద్షా ఏ సంతలో దొరికింది, దాని కొమ్ములెట్లా ఉండేవి, సాగర్ నీళ్లు వచ్చిన తొలి ఏడు బురదలో ఎట్లా దున్నింది, ఒకసారి తనను వదిలేసి బండి తీసుకుని ఇంటికెట్లా పోయింది, అన్నీ వరసగా చెప్పుకొస్తున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు, మళ్లీ చెప్తున్నాడు. అందరి ముందూ విస్తర్లలో అన్నం చల్లారుతోంది. బుచ్చమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. ఎవరికీ నోరు తెరిచే ధైర్యం లేదు.

"ఓ గేమ్యా!" అని అరిచింది మా అత్తమ్మ. "నీ ఎద్దు బతికున్నప్పుడు గూడ ఇంత మెల్లగ నడువలేదురా! జర అదిలించు, ఆకలైతుంది!"